లిసియా సమాధుల దాకా సాగిన బేరం

బేరం కుదరకపోతే కొట్టు దిగి పది అడుగులు వేయాలని దిల్‌సుఖ్‌నగర్‌లో చంటిపిల్లకైనా తెలుసు. వెనక నుంచి పిలుపొస్తుంది. చీరల కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి, పది అడుగులతో ఆగుతానా? హయత్‌నగర్‌లో నూట యాభై గజాల ప్లాటు బేరం మధ్యలో లేచి, వెనక్కి పిలిపించుకోవడానికి టర్కీ దాకా నడిచాను. ఇంత దూరం నడిచిన బేరగాడు మా బజారులో ఇంకొకడు లేడు.

ప్లాటు నర్సిరెడ్డిది. గజం ఆరు వేలన్నాడు. ఐదన్నాను. సకల జనుల సమ్మె రోజులు, కొనేవాడు లేడు, దిగకుండా ఎక్కడికి పోతాడని నా ధీమా. పక్క కొట్టు ట్రావెల్స్ వాళ్ళ టర్కీ యాత్రలో ఒక జంట మానుకుంటే, ఆ రెండు సీట్లూ లక్షా పదహారు వేలకు తెగ్గొట్టాను. వీసాలు రాగానే నర్సిరెడ్డికి చెప్పాను: "దేశంలనే ఉండ. మంచిగ ఆలోచించుకో."

మా ఆవిడ భాగ్యది పోచంపల్లి. పెళ్ళైనప్పటినుంచీ ఎల్బీ నగర్‌లో ఒకటే కిరాయి ఇల్లు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. "ప్లాటు చెయ్యి జారిందనుకో, గా టర్కీని నెత్తిమీద పెట్టుకొని తిరుగు," అని మాత్రం అంది.

బస్సులు బంద్. ఉదయం ఏడింటికి ఆటో పిలిస్తే శంషాబాద్‌కు తొమ్మిది వందలన్నాడు. ఆరు వందలన్నాను.

"బస్సుకే పో సేఠ్. తెలంగాణ ఒచ్చినంక ఒస్తది," అన్నాడు. ఎక్కాం.

దుబాయ్‌లో మూడు గంటల పడిగాపులు, ఇస్తాంబుల్‌లో ఒక రాత్రి, మర్నాడు అంతాల్యా. మూడో రోజు తొమ్మిదింటికి బస్సు బయల్దేరి, ఎడమ పక్క సముద్రాన్ని పట్టుకుని పన్నెండుకు దెమ్రె చేరింది. ఊరి శివార్లోనే మైరా అనే పాడుపడ్డ పాత నగరం. టికెట్టు పదిహేను లీరాలు. ఇద్దరికీ కలిపి ఇరవై ఐదు చేయమన్నాను. కౌంటరులో అమ్మాయి జాలిగా చూసి ముప్పై తీసుకుంది.

ఎదురుగా నిట్టనిలువు కొండ. దాని ముఖం మీద ఒకదానిపై ఒకటి ఇళ్ళు. అన్నీ సమాధులే. ఈ తీరాన్ని అప్పట్లో లిసియా అనేవారట, రెండు వేల ఏళ్ళకు ముందే ఆ లిసియన్లు తొలిచారట. రాయి రాయే గాని పనితనం వడ్రంగిది: దూలాల కొసలు, వాసాలు, తలుపు చట్రాలు. కొయ్య ఇంటిని ఉన్నదున్నట్టు రాతిలోకి దించేశారు. ప్రింటు చీరను పోచంపల్లి ఇక్కత్ అని అంటగట్టే మా వీధికి నకలు కొత్త కాదు. వీళ్ళ నకలు అసలు కన్నా ఎక్కువ మన్నింది, అదొక్కటే తేడా.

కొన్ని సమాధుల మీద శాసనాలున్నాయని, బయటివాళ్ళ శవాన్ని తెచ్చి పెడితే జరిమానా కట్టాలని వాటిలో ఉందని గైడు చెప్పాడు. మా గుంపులో సుబ్బారావు గారని రిటైర్డ్ హెడ్మాస్టరు, గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నాయన, నా చెవిలో అన్నారు: "ఇక్కడా స్థానికులకే సీట్లన్నమాటండీ!"

భాగ్య నవ్వలేదు. "మీకు సొంతిల్లుంది సార్, నవ్వొస్తది. సచ్చినోళ్ళకు సూడు, దర్వాజ, గడప, పై అంతస్తు. బతికున్న నాకు మేకు కొట్టెటందుకు గోడ లేదు."

పక్కనే పాత రంగస్థలం ఉంది. దాని మెట్లెక్కితే సమాధులు దగ్గరగా కనిపిస్తాయి. వెళ్ళేవారు తప్పక ఎక్కండి. భాగ్యకు మోకాళ్ళ నొప్పి. ఫోను ఆమె చేతిలో పెట్టాను. "నర్సిరెడ్డి చేస్తే నన్ను పిలువు. నువ్వు మాట్లాడకు, రేటు ఖరాబైతది."

అరగంటకు దిగి వచ్చాను. "మోగిందా?"

"మోగలే."

దానిమ్మ రసం రెండు గ్లాసులు పది లీరాలంటే తొమ్మిదికి కుదిర్చాను. విదేశీ గడ్డ మీద నా విజయం అదొక్కటే. ఆ తర్వాత మూడు రోజులు, ఊరికో కొండ, కొండకు పది సమాధులు. ప్రతి సమాధి ముందూ ఫోను తీసి చూసుకున్నాను. లోపల ఉన్నవాళ్ళే నయం, నర్సిరెడ్డి కన్నా.

తిరుగు విమానం ఉదయం తొమ్మిదింటికి దిగింది. ఆటో వెయ్యి రూపాయలు, ఈసారి బేరమాడలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాకు ఇవతలే ఆపేశాడు. నడిరోడ్డు మీద వంటా వార్పు: పొయ్యిలు, డేగిశాలు, నినాదాలు. గంటె పట్టుకుని పప్పు వడ్డిస్తున్నది ఎవరు? నర్సిరెడ్డి.

"దా సేఠ్, దా. అక్కా, నువ్వు కూడ కూసో. ఎట్లుంది టర్కీ?"

"రేటు సంగతేమాయె?" అన్నాను, విస్తరి ముందు కూర్చుంటూ.

"ఇంక యాడి రేటు? అక్క ఆడికెల్లి ఫోన్ చేసి ఖాయం జేసింది. మీ బామ్మర్ది బయానా పైసలు గిట్ల ఇచ్చిపోయిండు. ఆరు వేల రెండొందలు."

"ఆరే అన్నవు గదనే!"

"గప్పుడు నువ్వు కిరాయి ఇంట్ల ఉండెటోనివి. టర్కీ పోయెటోనికి రెండొందలు ఒక లెక్కనా?" మరో గంటె పప్పు పోశాడు.

భాగ్య వైపు చూశాను. "మోగలే అంటివి?"

"మోగలే. నేనే చేసిన," అంది, అన్నం కలుపుతూ. "మెట్లు దిగి నువ్వు మల్ల బేరం పెడ్తవని గా సమాధుల కిందనే కూసొని తెంపిన."

కొట్టులో పెరిగినవాడు చేయకూడని తప్పు నాదే. బేరానికి పోయేవాడు మంచి చెప్పులు కూడా వేసుకోడు. నేను విమానం ఎక్కాను.

ఇక ఖర్చు, దాచకుండా. యాత్ర లక్షా పదహారు వేలు. ఆటోలు పందొమ్మిది వందలు. మైరా టికెట్లు ఎనిమిది వందలు. దానిమ్మ రసం రెండు వందల యాభై. భాగ్య మాట్లాడిన ఏడు నిమిషాలకు ఫోను బిల్లు వెయ్యిన్ని యాభై. ప్లాటు మీద ఎక్కువ పడ్డది ముప్పై వేలు. రోడ్డు మీద పప్పన్నం ఊరికే. మొత్తం లక్షన్నర. నూట యాభై గజాల మీద పరిస్తే, గజానికి వెయ్యి.

నేను తగ్గించమన్నదీ వెయ్యే.