వల వేయకుండా చెరువు చూడటానికి వెళ్ళిన రోజు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మూడు వారాలు ఊరుకున్నాను కూడా. కానీ నా చేపల పడవ ఫొటో పెట్టినప్పటి నుంచి, దానికి ఫిష్ ఫైండర్ బిగించుకుని ఎక్కడికైనా వెళ్ళొచ్చి రాయమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. బిగించాను, వెళ్ళాను, వచ్చాను. హాయిగా చదువుకునే ప్రయాణం మాత్రం కాదు. దారీ, ఖర్చూ, నేను చేసిన తప్పూ ఎవరికైనా పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. గోదావరి జిల్లా నుంచి లేత్ మీద పనిచేసే టర్నర్ ఉద్యోగానికని పటాన్‌చెరు వైపు వచ్చి, రిటైరై, ఇంద్రేశంలో ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాణ్ణి. బళ్ళో చదివింది తొమ్మిదో తరగతి దాకా. మిగతా చదువంతా మిషన్లతో పాటు వచ్చే పుస్తకాలు, పక్కన ఒక డిక్షనరీ. ఇద్దరు కూర్చుని తెడ్డు వేసుకునే ప్లాస్టిక్ పడవ ఒకటి, బీరంగూడలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కయాక్ అంటారు దాన్ని. దాంతో పాటే అట్టపెట్టె కూడా విప్పని ఫిష్ ఫైండర్ వచ్చింది. చిన్న తెర ఒకటి, సబ్బుబిళ్ళంత నల్లటి గుండు ఒకటి. ఆ గుండే ట్రాన్స్‌డ్యూసర్. అది నీళ్ళ అడుగుకు చప్పుడు పంపి, తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. మధ్యలో చేప ఉంటే తెర మీద వంకర గీత పడుతుంది.

అది ఏడాదిగా అటక మీదే ఉంది. దాన్ని దింపించింది సాయన్న. ఆయన ఆదివారాలు మా కాలనీకి చేపలు తెచ్చి అమ్మేవాడు. బొంతపల్లి దాటాక వాళ్ళ ఊరు. ఊరి పేరు రాయొద్దన్నాడు, రాయను. ఆ ఊరి చెరువులో చేపల మీద ఇరవై రెండు ఇళ్ళు బతుకుతాయి. సెప్టెంబరులో చేప పిల్లల్ని వదులుతారు, ఎండలు ముదిరాక అందరూ కలిసి ఒక రోజు పెట్టుకుని పడతారు. ఈసారి దీపావళి తర్వాత ఒక వాన కురిసింది. తెల్లారేసరికి ఒడ్డున చేపలు తేలి ఉన్నాయి. వానతో పాటు ఏ కంపెనీ నీళ్ళు దిగాయో ఎవరూ చెప్పలేదు. ఎవరో వచ్చి సీసాలలో నీళ్ళు పట్టుకెళ్ళారు, అంతే.

అప్పటి నుంచి ఆ ఇళ్ళవాళ్ళ మత్స్యకార సంఘంలో రెండు మాటలు. అంతా పోయిందని సగం మంది. పెద్దవి లోతుకు దిగి బతికాయని సగం మంది. ఇంటికొకరు చొప్పున కూలి మానుకుని చెరువుకు కాపలా కాస్తూనే ఉన్నారు. వల వేసి చూడొచ్చు కదా అని మీలాగే నేనూ అడిగాను.

"గట్ల ఎయ్యొద్దు పెద్దసారు," అన్నాడు సాయన్న. "అందరం కూసొని రోజు పెట్టుకునేదాక ఎవ్వలు వల ఎయ్యొద్దు. ఒక్కని వల తడిసిందంటే తెల్లారేసరికి ఇరవై రెండు వలలు దిగుతయి. ఉన్నయి గుడ పోతయి."

"మరెట్లా?"

"నీ కాడ మిషన్ ఉన్నదంటివి. వల ఎయ్యొద్దన్నరు గని సూడొద్దనలేదు గద. ఎల్లుండి మీటింగ్. కాపలా కాయాల్నా, ఇడిసిపెట్టాల్నా తేల్చాలె. జెర సూసిపెట్టు."

ఆ సాయంత్రమే పడవను వరండాలో బోర్లించి కూర్చున్నాను. అడుగుకు రంధ్రం కొట్టక్కర్లేదు, లోపలి వైపు అంటించినా ప్లాస్టిక్ గుండా చప్పుడు వెళుతుందని పుస్తకంలో ఉంది. సరేనని పడవను తిరగేసి, నీళ్ళ ట్యాంకు చీలితే పూసే రెండు ముద్దల మందు తెచ్చి, చపాతీ పిండిలా పిసికి, గుండు కింద దట్టించాను. నలభై ఏళ్ళ వర్క్‌షాపు అలవాటు. ఏదైనా గట్టిగా బిగిస్తే పని అయిపోయినట్టే నా లెక్క. గాలి సంగతి తట్టలేదు.

మర్నాడు పొద్దున ఐదు యాభైకి డ్రైవర్ ఖాజా ఆటో ట్రాలీ తెచ్చాడు. పటాన్‌చెరులో తిరిగే బండి. ఒక పూటకు పద్నాలుగు వందలు, రోజంతా అయితే మూడు వేలు మాట్లాడుకున్నాం. అంత పొడుగు పడవ వెనక రెండు గజాలు బయటికి ఉంటుంది, ఎర్ర గుడ్డ కట్టుకోండి. రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీదుగా వెళ్ళి నర్సాపూర్ రోడ్డెక్కాలి. ఏడు లోపు దాటితే సరే, ఏడయితే షిఫ్టు బస్సులన్నీ ఎదురొస్తాయి. ఏడుంబావుకు చెరువు కట్ట మీద ఉన్నాం.

"క్యా సాబ్, ఇంత పెద్దగ ఉన్నది, పెండ్లి పల్లకి అనుకుంటరు," అంటూ ఖాజా తాళ్ళు విప్పాడు.

కట్ట దగ్గర కాచుకుని ఉన్న సాయన్న పడవ ముందు సీట్లో, వెనక నేను. ఒళ్ళో తెర పెట్టుకుని మీట నొక్కాను. లోతు ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు. చెరువు నడుమకు వెళ్ళినా అవే. చేప సంగతి సరే, అడుగే లేదంటోంది యంత్రం.

"ఏమంటున్నది?"

"ఏమీ అనట్లేదు. నేనే సరిగ్గా అంటించలేదు."

సాయన్న మొహంలో వెలుగొచ్చింది. నాకూ ఎందుకో ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఒడ్డుకొచ్చి, స్క్రూడ్రైవరుతో ఆ ముద్దను పెళ్ళగిస్తే లోపలంతా ఇడ్లీలో ఉన్నట్టు గాలి చిల్లులు. నీళ్ళలో గాని, ప్లాస్టిక్‌లో గాని ఈ చప్పుడు బాగా నడుస్తుంది, గాలి అడ్డొస్తే ఆగిపోతుంది. పుస్తకంలో నాలుగో పేజీలోనే ఉంది, నేను మూడు చదివి లేచాను.

ఇక్కడ సాయన్న భార్య అంజమ్మ గురించి చెప్పాలి. కట్ట మీద కూర్చుని అంతా వింటోంది. "మా బిడ్డ కడుపుతోటి ఉన్నప్పుడు స్కానింగ్ తీసిండ్రు, చల్లగ ఏందో పూసిండ్రు. ఎందుకంటే నడుమ గాలి ఉండొద్దన్నరు," అంది. నలభై ఏళ్ళ టర్నర్‌కు తట్టనిది ఆమెకు తట్టింది. ఖాజా బొంతపల్లి వెళ్ళి మెడికల్ షాపులో స్కానింగ్ జెల్లీ సీసా తెచ్చాడు, నూట ఇరవై. ప్లాస్టిక్‌ను గీకి, గరుకు కాగితంతో రుద్ది, జెల్లీ పోసి, గుండును మెల్లగా తిప్పుతూ నొక్కి, మీద టేపు, టేపు మీద ఇటుక ముక్క పెట్టాను. పది అయింది.

ఈసారి మీట నొక్కగానే అంకె వచ్చింది. ఆరడుగులు. కట్ట పక్కన పద్నాలుగు. అడుగున బురద ఎక్కడ, రాయి ఎక్కడ అన్నీ కనపడుతున్నాయి. నాగలి సాళ్ళలా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు తొక్కినచోట తొక్కకుండా తిరిగాం. గుండు కిందికే చూస్తుంది, పక్కలకు చూడదు, అందుకని. మొదటి గంట సాయన్న మాట్లాడుతూనే ఉన్నాడు. బొచ్చె చేపలు తూము కాడ ఉంటయన్నాడు. తూము దగ్గర ఏమీ లేదు. బంగారు తీగ చేపలు ముళ్ళకంపలో దాక్కుంటయన్నాడు. అక్కడ ఒక గీత పడింది. మూడుసార్లు దాని మీదుగా వెళ్ళాం. మూడుసార్లూ అక్కడే ఉంది, కదల్లేదు. మునిగిన తుమ్మ మొద్దు. ఆ తర్వాత ఆయన వెనక్కి తిరగకుండా తెడ్డు వేస్తూనే పోయాడు. చెరువంతా తిరిగినా ఒక్క చేప గీత పడలేదు, పన్నెండుంబావుకు ఒడ్డు చేరాం.

అంజమ్మ జొన్న రొట్టె, టమాట తొక్కు పెట్టింది. "చేపల కూర పెడ్దమంటే మా ఇంట్ల చేపల్లేవు పెద్దసారు," అని నవ్వింది. ఎవరూ నవ్వలేదు. ఖాజా ఇంకో రొట్టె అడిగి ఆమెను గట్టెక్కించాడు.

"పొద్దున తప్పు చెప్పింది గద మిషన్," అన్నాడు సాయన్న చెయ్యి కడుక్కుంటూ. "ఇప్పుడు గుడ తప్పే చెప్తుండొచ్చు."

"చెప్పొచ్చు."

"చేపలున్న కాడ పెట్టి సూద్దాం. జోగిపేట దిక్కు మా బామ్మర్ది వాళ్ళ చెరువున్నది."

ఒంటిగంటకు బయల్దేరి, నర్సాపూర్, సంగారెడ్డి మీదుగా మూడున్నరకు చేరాం. సంగారెడ్డి దాటాక రోడ్డు బాగుంటుంది, పడవ ఊగదు. దారంతా నేను ఒకటే కోరుకున్నాను. నలభై ఏళ్ళలో నా చేతి పని తప్పు కావాలని ఎన్నడూ కోరుకోలేదు. ఆ రోజు కోరుకున్నాను. అక్కడా తెర ఖాళీగా ఉండాలి, యంత్రం చెత్తదని తేలాలి, దాన్ని అటక మీద పారేయాలి.

కట్ట మీద బామ్మర్ది నిలబడి ఉన్నాడు. "ఏంది బావా, మా చెరువు లెక్క తీస్తున్నవా? ఎన్నున్నయో నాకు గుడ చెప్పు, మా సంఘపోళ్ళు నన్నే దొంగ అంటరు," అన్నాడు.

ఒడ్డు నుంచి ఇరవై గజాలు వెళ్ళామో లేదో తెర మీద వంకర గీత పడింది. పక్కనే ఇంకోటి. తర్వాత నాలుగు ఒకేసారి.

"ఇవి చేపలేనా పెద్దసారు?"

"అవును సాయన్నా."

వెనక్కి తిరిగి తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండు దాకా పైకి లెక్కపెట్టి ఆపేశాడు. గీతలు పడుతూనే ఉన్నాయి. "మిషన్ మంచిదే," అన్నాడు. "ఇగ పోదాం."

ఆ సాయంత్రం నాలుగింటి ఎండలో తెడ్డు వేస్తూ నాకు తోచింది ఒకటే. వల వేయకుండా ఉన్నన్నాళ్ళు ఆ ఊరి చెరువులో చేపలు ఉన్నట్టే. ఇరవై రెండు ఇళ్ళు ఆ మాట మీద నాలుగు నెలలు కాపలా కాశాయి. నేను ఒక సబ్బుబిళ్ళను సరిగ్గా అంటించి ఆ మాటను తీసేశాను. తెలుసుకోవడం మంచిదేనని మీరంటారు, నేనూ అదే అనేవాణ్ణి. సాయన్న వీపు వంక చూస్తూ పడవ నడిపిన ఆ పావుగంటా అనలేకపోయాను. ఉత్త నీళ్ళకు కాపలా కాయడం మానేసి కూలికి పోతారు, అది లాభమే. ఆ లాభం చెప్పడానికి నోరు రాలేదు.

మీరు బిగించుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. బంకతో శాశ్వతంగా అంటించే ముందు స్కానింగ్ జెల్లీతో ఊరికే నొక్కి పెట్టి, చేపలున్నాయని తెలిసిన నీళ్ళలో ఒకసారి తిప్పి చూడండి. ముందు అది చేసుకోండి. నాలాగా ఆఖరున కాదు.

ఐదుంబావుకు సంగారెడ్డిలో సాయన్న బండి ఆపమన్నాడు. వాళ్ళ ఊరి పక్క కంపెనీలో కాంట్రాక్టు మీద మనుషుల్ని తీసుకుంటున్నారట. జిరాక్స్ షాపులోకి వెళ్ళి ఫోన్‌లో ఉన్న ఆధార్ కార్డులకు రెండు కాపీలు తీయించుకున్నాడు. ఒకటి తనది, ఒకటి అంజమ్మది. మడత పడకుండా చేతిలో పట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.