నీళ్ళలో మొహమాటం

2022 డిసెంబరు చివరి వారం. రాజమండ్రికి కాస్త అవతల, ఎప్పుడో పని ఆపేసిన రాతి క్వారీ ఒకటి ఉంది. తవ్విన గొయ్యి నిండా ఊటనీరు చేరి తాటిచెట్టు లోతు అయింది. ఏడాదంతా సముద్రంలో స్కూబా నేర్పే నేను, చలికాలం శని ఆదివారాల్లో అక్కడికి జట్లను తీసుకెళ్తాను. స్కూబా అంటే వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున తిరగడం. మంచు దేశాల వాళ్ళు మా చలిని చూసి నవ్వుతారేమో గానీ, ఎండ తగలని ఆ రాతిగోడల మధ్య కొంత లోతు దాటాక నీళ్ళు ఒక్కసారిగా చల్లబడిపోతాయి. ఆ హద్దును థర్మోక్లైన్ అంటాం. అలవాటు లేని మనిషికి అక్కడ ఊపిరి బిగుసుకుపోతుంది.

ఆ వారం వచ్చినవాళ్ళు నలుగురూ బంధువులే. పెద్దాపురం కుర్రాడు నాగేంద్ర వాళ్ళను పోగేశాడు. నోరు ఊరుకోని మనిషి. నలుగురిలో పెద్దాయన అతని అక్క మొగుడు శ్రీనివాసరావు గారు, సామర్లకోటలో బట్టల కొట్టు. శనివారం పైపైన తిప్పి తీసుకొచ్చాను. గట్టెక్కాక ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏంటి బావగారూ, అప్పుడే వణుకా? అక్కకి ఫోన్ చేసి రగ్గు పంపించమననా?" అన్నాడు నాగేంద్ర. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

పక్కకు పిలిచి అడిగాను. "రేపు ఇంకా లోతుకెళ్తామండి. తట్టుకోగలరా?"

"పర్లేదండి మేడం గారూ. నా గురించి మీరేం ఇబ్బంది పడకండి."

మా గోదావరివాళ్ళు కాలు విరిగినా పర్లేదనే అంటారు.

ఆదివారం ఉదయం ఆ నలుగురూ, నేనూ, నా తోటి డైవరూ దిగాం. నీటి అడుగున మాటలుండవు, చేతి సైగలే. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపితే బాగున్నానని. బొటనవేలు పైకి చూపిస్తే పైకెళ్దామని. ఆ సైగ ఎవరు చేసినా కారణం అడక్కుండా అందరూ పైకి రావాలి. అది మా రూలు.

చలి హద్దు దాటగానే ఒక్కొక్కరినీ సైగతో అడిగాను. శ్రీనివాసరావు గారు సున్నా చూపించారు. కింద క్వారీ వాళ్ళు వదిలేసిన టిప్పర్ లారీ కనిపించింది. నాగేంద్ర సంబరంగా దాని చుట్టూ తిరుగుతున్నాడు. శ్రీనివాసరావు గారిని మళ్ళీ అడిగాను. ఈసారి నేను అడగడం పూర్తి కాకముందే ఆయన సున్నా చూపించేశారు. నాకెందుకో అనుమానం వచ్చింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య బుడగలు కాస్త ఆగాలి. ఆయన బుడగలు ఆగడం లేదు. దగ్గరికెళ్ళి ఆయన గేజ్ పట్టుకున్నాను. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో అందులో ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత లోపల ఉంది.

ఆక్టోపస్ అని మా దగ్గర అదనపు గొట్టం ఒకటుంటుంది, పక్కవాడికి మన గాలి ఇవ్వడానికి. అది ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు, విందులో మారు వడ్డిస్తుంటే విస్తరి మీద చెయ్యి పెట్టినట్టు. ఆ చెయ్యి చూసి వేసినంత భయం నాకు ఈ వృత్తిలో మరెప్పుడూ వెయ్యలేదు. భయంతో తన్నుకునే మనిషిని ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు. మర్యాదగా మునిగిపోయే మనిషిని ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

అంతలోనే గాలి అయిపోయింది. ఆయన నోట్లో ఉన్న తన గాలి గొట్టం ఉమ్మేసి, పైకి తన్నుకోబోయారు. ఊపిరి బిగబట్టి గబగబా పైకెళ్తే ఊపిరితిత్తులు చీలిపోతాయి. భుజం పట్టీలు రెండూ దొరకబుచ్చుకుని, నా గొట్టం ఆయన నోట్లో కుక్కాను. మిగతావాళ్ళను నా తోటి డైవర్‌కి వదిలేశాను. చుట్టూ బురద లేచింది. ఆయన కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. వదలండి, ఊపిరి వదలండి అని మనసులో అరుస్తూ మెల్లగా పైకి తెస్తున్నాను. ఆయనకిద్దరు ఆడపిల్లలని ముందురోజు టీ దగ్గర చెప్పారు. నేనెప్పుడూ చూడని ఆ పిల్లలే గుర్తొచ్చారు.

గట్టు మీద దుప్పట్లు కప్పాం. పెదాలు నల్లబడ్డాయి. మాట రాగానే ఆయన అన్నది ఇదీ:

"సారీ అండి మేడం గారూ. మీకు శ్రమ ఇచ్చాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "శ్రమేంటండీ! చచ్చిపోయేవారు! పైకని ఒక్క సైగ చేస్తే మీ సొమ్మేం పోయేది?"

"నా ఒక్కడి కోసం అందరూ వచ్చెయ్యాలి కదండి. మావాడు ఎంతో సరదాపడి తీసుకొచ్చాడు పాపం."

నాగేంద్ర బావగారి పాదాలు రుద్దుతున్నాడు.

ఒకరి కోసం అందరూ రావాలన్న రూలు ప్రాణం కాపాడటానికి పెట్టుకున్నాం. ఆయన చేతిని కట్టేసింది ఆ రూలే. అప్పటినుంచి నీళ్ళలో ఎవరినీ బాగున్నారా అని అడగను. గాలి ఎంతుందో వేళ్ళతో చూపించమంటాను. ప్రతి జట్టుతోనూ ఒక్కసారైనా, ఏ కారణం లేకుండా, ముందుగా నేనే పైకని సైగ చేస్తాను. అందరం వచ్చేసి గట్టు మీద టీ తాగి మళ్ళీ దిగుతాం. డైవ్ పాడైందని కొందరు సణుగుతారు. సణగనీ.

మరుసటి చలికాలం వాళ్ళు మళ్ళీ వచ్చారు. శ్రీనివాసరావు గారే పట్టుబట్టారట. డైవింగ్ సూటు వేసుకుని, కాళ్ళకు చేపరెక్కల్లాంటి ఫిన్స్ తొడుక్కుని, నీటి అంచు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయారు.

"నేను దిగనండి. భయంగా ఉంది," అన్నారు, అందరి ముందూ.

నాగేంద్ర ఆయన వైపు తిరిగాడు. ఏ వేళాకోళం ఆడతాడోనని నేను బిగుసుకుపోయాను. అతను తన ఫిన్స్ విప్పేసి, వచ్చి బావగారి పక్కన కూర్చున్నాడు.

"నాకు పోయినసారే భయమేసింది బావగారూ," అన్నాడు. "మీరేమనుకుంటారోనని చెప్పలేదు."