రెండు డెసిబెళ్లు

పదకొండేళ్లుగా ఒక పేజీని మోస్తున్నాను. నా నలభై మూడు డైరీల్లో అబద్ధం రాసిన పేజీ అదొక్కటే. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఉప్పల్ దగ్గర కొత్తగా వేసిన ఫైబర్ లింకుకు నేనే ఇంజనీర్‌ని. పై అధికారులు చూడటానికి వచ్చే రోజు తెరమీద అంకెలు ఘనంగా కనిపించాలని తీగలోకి పంపే వెలుగు పవర్ రెండు డెసిబెళ్లు పెంచాను. గాజు తీగలో వెలుగును ఒక హద్దు వరకే పెంచాలి. దాటితే ఆ వెలుగే అదే తీగలో నడిచే పక్క చానళ్లతో కలబడి రొదగా మారుతుంది. ఎందరికో నేనే నేర్పిన పాఠం. మరిచిపోయానా? లేదు. ఏం కాదులే అనుకున్నాను.

వాళ్ల కళ్ల ముందే లింకులో వచ్చే సమాచారం నిండా తప్పులు. జాయింట్లు సరిగా లేవన్నాను. అలాగే రిపోర్టు రాశాను.

ఆ తీగలు అతికినవాడు యాదగిరి. నాచారం మనిషి, నా ఈడువాడు. మర్నాడు పొద్దున్నే జాయింట్లు కొలిచే మీటర్ చంకన పెట్టుకుని వచ్చాడు.

"సార్, నా జాయింట్ల ఏం తప్పుందో జర సూపెట్టుండ్రి."

"రిపోర్టు వెళ్లిపోయింది యాదగిరీ."

"రిపోర్టు పోతే పోనీ. మీటర్ ఈడనే ఉంది గద, దీన్ని అడుగుండ్రి. గిదేమన్న నా బామ్మర్దా సార్, నా దిక్కు మాట్లాడనీకి?"

నేను మీటర్ వంక చూడలేదు.

అతణ్ణి తీసేశారు. వేరేవాళ్లు మళ్లీ అతికారు. అదే రోజు చప్పుడు చేయకుండా ఆ రెండు డెసిబెళ్లు తగ్గించాను. లింకు బాగుపడింది. 'జాయింట్లు మార్చాం. లోపం పోయింది' అని డైరీలో రాసుకున్నాను.

జాయింటు చెడితే అవతలికి చేరే వెలుగు తగ్గాలి. అధికారులు వచ్చిన రోజు మాకు వెలుగు దండిగా ఉంది, తప్పులూ దండిగా ఉన్నాయి. ఈ మాత్రం తెలిసినవాళ్లు ఆ గదిలో అరడజను మంది. ఒక్కడూ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలి? అడగడానికి వాళ్లకు నోరు లేకపోతే, చెప్పడానికి నాకుందిగా?

ఆ తర్వాత యాదగిరిని ఏ కాంట్రాక్టరూ తీగ ముట్టనివ్వలేదు. ఇప్పుడు హబ్సిగూడలో ఒక హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్. నడకకు వెళ్లినప్పుడల్లా నేను దారి మార్చుకుంటాను. మొన్న మార్చుకోలేదు. లేచి నిలబడి నమస్తే పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఇవాళ పొద్దున ఆ పేజీ తీశాను. పాత వాక్యం కొట్టేయలేదు. కింద ఇవాళ్టి తేదీ వేసి రాశాను: 'జాయింట్లు బాగున్నాయి. పవర్ పెంచింది నేను.' జిరాక్సు తీయించి జేబులో పెట్టుకున్నాను. అతని చేతికిచ్చి, ఏమన్నా నిలబడి వింటాను. క్షమించమని అడగను. పోయిన పని నా అడగడంతో తిరిగి వస్తుందా?

రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక మీద కూడా కోపంగానే ఉంది.