కౌజు పిట్టల అధ్యక్షుడు

మా అక్క మొగుణ్ణి ఊళ్ళో అందరూ గురిగారు అంటారు. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. తన గురి ఎన్నడూ తప్పలేదని ఆయనే చెప్పుకోగా చెప్పుకోగా వచ్చిన పేరది. తప్పినవి నేను చాలానే చూశాను. తప్పిన ప్రతిసారీ ఎండ కళ్ళల్లో పడేది, లేదంటే కుక్క అడ్డొచ్చేది, అదీ కాదంటే తూటాల కంపెనీవాడు దొంగ. ఆయన వేలికి మాత్రం ఏ పాపమూ తెలీదు.

వ్యాపారం పురుగుమందులు. కింద కొట్టు, పైన ఇల్లు. మెట్లెక్కి పైకి వెళ్తుంటే మందు వాసన మన వెనకే ఎక్కి వస్తుంది, భోజనాల బల్ల దాకా వచ్చి మనతోపాటు కూర్చుంటుంది. పెళ్ళైన కొత్తలో అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వండేదట. "అలవాటైపోతుందిలే" అన్నాడట బావ. అలవాటైపోయింది. ఆయన కూడా అలాగే అలవాటైపోయాడు.

ఊరి వెనక కొండ ఉంది. మరీ పెద్దదేం కాదు. ముళ్ళపొదలు, మోకాలెత్తు గడ్డి, కింద అంచునంతా పొలాలు. ఒకప్పుడు తెల్లారితే ఆ కొండంతా కౌజు పిట్టల అరుపులే. అలారం అక్కర్లేదని అక్క అనేది. చలికాలంలో సర్కారు అనుమతితో వేట సాగేది. దానికో సంఘం, ఆ సంఘానికి మా బావ అధ్యక్షుడు. ఆ పదవి కోసం ఆయన ఎంతమంది ఇళ్ళ చుట్టూ తిరిగాడో అక్కకి తెలుసు, వచ్చినవాళ్ళకల్లా వండిపెట్టింది తనే కాబట్టి. ఎన్నికైన రోజు తోలు టోపీ కొనుక్కుని, అది పెట్టుకునే అన్నం తిన్నాడు.

తర్వాత ఏమైందంటే, అధ్యక్షుడు మిగిలాడు, పిట్టలు తగ్గాయి.

మొదట్లో నక్కలే తినేస్తున్నాయన్నాడు. సంఘం వాళ్ళంతా కలిసి నక్కల మీద పడ్డారు. నక్కలు తగ్గాయి, వాటితోపాటు పిట్టలు ఇంకా తగ్గాయి. అప్పుడు ముంగిసలన్నాడు. తర్వాత గద్దలు. ఆ తర్వాత పక్క ఊరి వేటగాళ్ళు దొంగచాటుగా వచ్చి కాల్చుకుపోతున్నారన్నాడు. వాళ్ళెవరూ కనపడ్డ పాపాన పోలేదు.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. మా ఆయన కాలేజీలో భూగోళశాస్త్రం చెప్తాడు. బావకి తోడల్లుడు. ఆదివారం భోజనాలు అక్కావాళ్ళింట్లోనే. అక్కాచెల్లెళ్ళం మేం వడ్డిస్తుంటే, తోడల్లుళ్ళిద్దరూ వాతావరణం గురించి కొట్టుకునేవాళ్ళు.

"భూమి వేడెక్కుతోంది అన్నగారూ. వానలు అదను తప్పాయి. పిల్లలు గుడ్డులోంచి వచ్చే వేళకి కుండపోత కురుస్తోంది. తడిసిన పిల్ల చలికి చచ్చిపోతుంది. ఇందులో వాదించడానికేముంది?" అనేవాడు మా ఆయన.

"నా చిన్నప్పుడు ఎండలు లేవా? వానలు లేవా? ఇదంతా మీ మేష్టర్లు జీతాల కోసం కనిపెట్టిన కథ తమ్ముడూ."

"ప్రపంచంలో శాస్త్రవేత్తలంతా చెప్తుంటే మీరొక్కరూ కాదంటారు."

"ప్రపంచంలో శాస్త్రవేత్తలు మా కొండెక్కారా?"

"మీరెక్కి ఏం చూశారు? తుపాకీ గొట్టం చివర కనపడేదే కదా."

సంవత్సరాల తరబడి ఇదే పాట. మా ఆయన చెప్పింది అబద్ధం అనను. ఎండల సంగతీ వానల సంగతీ నిజమే. కానీ నిజం చెప్పేవాళ్ళందరూ మంచివాళ్ళని ఎక్కడుంది? ఈ మనిషి వేడెక్కే భూమి గురించి మాట్లాడేది దుప్పటి కప్పుకునేంత చల్లగా ఏసీ పెట్టుకుని. రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి కారు తీస్తాడు. కొండ వాలులో మాకో స్థలం ఉంది. ఇల్లు కట్టేలోగా పాములు చేరతాయని, యంత్రం పెట్టించి అక్కడున్న పొదలన్నీ వేళ్ళతో సహా పీకించాడు. ఆ పొదల్లో ఏముండేవో ఒక్కసారైనా వంగి చూడలేదు. ఆ సాయంత్రమే కాలేజీలో పర్యావరణం మీద ప్రసంగించి శాలువా కప్పించుకొచ్చాడు. పిట్టల మీద ప్రేమ లేదు, తోడల్లుడి మీద గెలవాలి, అంతే. ఈ ఇద్దరి మధ్యా కౌజు పిట్ట చదరంగం పావులా అయిపోయింది.

ఇలా ఉండగా అటవీ శాఖ తరఫున ఓ పరిశోధకురాలు ఊరికొచ్చింది. కొండ మీద పిట్టల పరిస్థితి ఏమిటో చూసి రాయడం ఆవిడ పని. బావ ఆవిణ్ణి భోజనానికి పిలిచాడు. నక్కల మీద నాలుగు ముక్కలు గట్టిగా రాయించుకోవాలని ఆయన ఆశ. ఎండల మీద రాయించుకోవాలని మా ఆయన ఆశ. ఇద్దరూ ఆవిడకి చెరో పక్కన కూర్చుని, పెళ్ళికూతురికి కబుర్లు చెప్పినట్టు చెప్పారు. ఆవిడ అన్నీ వింటూ తింది. తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పింది.

"ఎండలూ వానలూ దెబ్బ కొడుతున్న మాట నిజమే సార్. నక్కలు తినడమూ నిజమే, అవి ఎప్పుడూ తింటూనే ఉన్నాయి. కానీ కౌజు పిల్ల పుట్టిన మొదటి రోజుల్లో బతికేది పురుగుల మీదే. గింజ అరిగించుకోలేదు. కొండ కింద గట్ల మీద గడ్డి లేదు, పొలాల్లో పురుగు లేదు, వాలులో పొదలు లేవు. వాన పడితే దూరడానికి చోటు లేదు, తెరిపిచ్చాక తినడానికి తిండి లేదు. చోటూ తిండీ ఉన్న పిల్లయితే అదే వానని కొంతైనా తట్టుకునేది."

"అయితే ఎండలు కారణం కాదంటారా?" అన్నాడు మా ఆయన.

"కాదనలేదు. ఎండల్ని ఈ ఊరొక్కటే తగ్గించలేదు. గట్టు మీద గడ్డి ఈ ఊరి చేతిలోనే ఉందంటున్నాను. ఈ చుట్టుపక్కల పొలాలకి మందులు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

ఆవిడకి నిజంగానే తెలీదు, కొట్టు కనపడకుండా వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చాం. అప్పుడే కింద కొట్లో డబ్బాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

ఆవిడ వెళ్ళిన తర్వాత తోడల్లుళ్ళిద్దరూ మొదటిసారి ఒక మాట మీదకొచ్చారు. ఆవిడకి ఏమీ తెలీదని తేల్చారు. "పుస్తకాల చదువు" అన్నాడు బావ. "అనుభవం చాలదు" అన్నాడు మా ఆయన. అక్క కంచాలు తీస్తూ, "ఆవిడ అన్నదాంట్లో ఏ మాట తప్పు?" అని అడిగింది. ఆ ప్రశ్న వాళ్ళ చెవిన పడనట్టే లేచి వెళ్ళి పడుకున్నారు.

ఆ ఏడు చలికాలం వేటకి పెద్ద పెద్దవాళ్ళు వస్తామన్నారు. ఒక రిటైర్డు జడ్జి, ఒక సిమెంటు వ్యాపారి, ఇంకా వాళ్ళ స్నేహితులు. కొండ మీద పిట్ట లేదని చెప్పడానికి అధ్యక్షుడికి నోరు రాలేదు. పెంపక కేంద్రం నుంచి బోను పిట్టల్ని కొనుక్కొచ్చి, పెరట్లో వల కట్టించి వదిలాడు. వేట ముందు రోజు కొండ మీద విడిచిపెడితే ఎవరికి తెలుస్తుందని ఆయన ఎత్తు.

కొన్నది ఆయనే గానీ సాకింది అక్క. పొద్దునా సాయంత్రమూ గింజల డబ్బా మీద మూతతో టకటకా కొట్టేది, అన్నీ బిలబిలమంటూ కాళ్ళ చుట్టూ చేరేవి. ఒకటి మరీ ముద్దుగా చెప్పు మీదెక్కి కూర్చునేది. "వీటిని చూశాక నాకు ఈ వేట నచ్చట్లేదే" అంది నాతో ఓసారి. బావతో చెప్పావా అంటే, "చెప్పాను. ఆడవాళ్ళకి గుండె మెత్తనన్నాడు" అంది.

వేట రోజు పొద్దున అక్కా నేనూ వ్యానులో భోజనాలు వేసుకుని కొండెక్కాం. వేటగాళ్ళు అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. గడ్డిలో కర్రలతో కొడుతూ కూలివాళ్ళు కింది నుంచి వస్తున్నారు. పిట్టలు ఎగరాలి, వీళ్ళు కాల్చాలి. పిట్టలు ఎగరలేదు. కర్రల ముందు నింపాదిగా నడుచుకుంటూ వచ్చాయి, బడి వదిలాక ఇంటికెళ్ళే పిల్లల్లా. సిమెంటు వ్యాపారి టోపీ తీసి వాటి మీదకి విసిరాడు. అందులో ఒకటి టోపీని పొడిచి చూసింది. జడ్జిగారు తుపాకీ దించేసి, "ఇవి వేటపిట్టలా, పెంపుడు కోళ్ళా అధ్యక్షా?" అన్నాడు.

"ఈ మధ్య మనుషులంటే భయం పోయిందండీ" అని నీళ్ళు నమిలాడు బావ.

సరిగ్గా అప్పుడే అక్క వ్యాను వెనక గిన్నె మూత తీసి పక్కన పెట్టింది. మూత ఠంగుమంది. అంతే, గడ్డిలో ఉన్న పిట్టలన్నీ తలలెత్తి, వేటగాళ్ళ కాళ్ళ మధ్య నుంచి, తుపాకుల కింద నుంచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ అక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి.

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకళ్ళు నవ్వడం మొదలుపెట్టారు, తర్వాత అందరూ. బావ ముఖం మాడిపోయింది. ఆ ఉక్రోషంలో ఏం చేశాడంటే, తుపాకీ ఎత్తి నేల మీద వెనకబడ్డ ఒకదాన్ని కాల్చాడు. అంత దగ్గర్నుంచి ఎవరికైనా తగులుతుంది. అక్కడ ఈకలు మిగిలాయి.

అక్క వచ్చి పిట్టల మధ్య నేల మీద కూర్చుంది. పట్టుచీర దుమ్ములో పరుచుకుంది.

"లే. పరువు తీయకు" అన్నాడు బావ పళ్ళ బిగువున.

"తిండి పెడతానని పిలిస్తే వచ్చాయి. తిండికొచ్చినవాటిని కాలుస్తారా? అయితే కాల్చండి, నేనిక్కడే ఉన్నాను."

గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళలో నలుగురి ముందు ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. జడ్జిగారు తూటాలు తీసి జేబులో వేసుకుని, "అమ్మా, భోజనాలు అయినా ఉన్నాయా?" అన్నాడు మర్యాదగా. పాపం ఆ పెద్దమనిషికి ఆకలేసి ఉంటుంది. అందరూ తిని, చేతులు తుడుచుకుని, నవ్వుకుంటూ కార్లెక్కారు. దొరికిన పిట్టల్ని బుట్టల్లో పెట్టుకుని మేం దిగొచ్చాం. దొరకనివాటిని ఆ వారంలోనే నక్కలు తినేశాయి. బోనులో పుట్టినవాటికి నక్క అంటే ఏమిటో తెలీదు.

సంఘం వాళ్ళు సంజాయిషీ అడిగారు. అప్పుడు మా బావ ప్లేటు ఫిరాయించిన తీరు చూడాలి. వేదికెక్కి, గొంతు బొంగురు చేసుకుని, భూమి వేడెక్కుతోందన్నాడు. వానలు అదను తప్పాయన్నాడు. తడిసిన పిల్ల చలికి చచ్చిపోతుందన్నాడు. మా ఆయన మాటలు మక్కీకి మక్కీ. లోకమంతా కలిసి చేసిన పాపానికి ఒక్క అధ్యక్షుణ్ణి అంటే ఏం లాభమన్నాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. పదవి నిలబడింది.

మా ఆయన వెనక వరసలో కూర్చుని గింజుకున్నాడు. ఇంటికొచ్చాక, "అన్నిటికీ వాతావరణం అనడం చవకబారు సాకు" అన్నాడు. నేను టీ కప్పు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆదివారం భోజనాలు అక్క ఆపేసింది. ఇంకో పని కూడా చేసింది. కొండ కింద నాన్న తనకి రాసిచ్చిన చేను ఉంది. బావ దాన్ని కలుపు మందుల ప్రదర్శనకి వాడుకునేవాడు. గడ్డిపోచ లేకుండా మాడ్చి, బోర్డు పెట్టి రైతులకి చూపించేవాడు.

"ఈ ఏటి నుంచి ఆ చేలో మందు పడదు" అంది అక్క.

"కలుపు లేస్తే జనం నవ్వుతారే. మందులమ్మేవాడి చేలో గడ్డా?"

"మనల్ని చూసి నవ్వడం వాళ్ళకి కొత్తా?"

ఆయన కొన్నాళ్ళు అలిగాడు, కంచం ముందు కూర్చోనన్నాడు. అక్క బతిమాలలేదు. ఆకలేసినప్పుడు తనే వచ్చి కూర్చున్నాడు. చేను నిండా గడ్డి లేచింది, గట్ల మీద ముళ్ళతీగలు అల్లుకున్నాయి, మిడతలు, చీమలు, పేర్లు తెలీని పురుగులు చేరాయి. మరుసటి ఏడు వానల తర్వాత పరిశోధకురాలు అక్కకి ఫోన్ చేసింది. చేను గట్టున ఒక జత అరుస్తోందని, వెనక పిల్లలున్నాయని. కొండ అవతలి వైపు నుంచి దిగొచ్చిన అడవి కౌజులట. అక్క ఫోన్ పెట్టేసి నన్ను భోజనానికి పిలిచింది. ఆ పూట నాకిష్టమైనవన్నీ వండింది.

ఆ కబురు బావకి తెలియడానికి ఎంతో పట్టలేదు. వెంటనే పత్రికవాళ్ళని పిలిపించాడు. అప్పట్లో తాము కొండ మీద వదిలిన పిట్టల సంతానమే ఇదని, సంఘం కృషి ఫలించిందని చెప్పాడు. మా ఆయన ఊరుకుంటాడా, ఈ ఏడు వానలు సకాలంలో పడ్డాయి కాబట్టే బతికాయని అదే పత్రికకి ఉత్తరం రాశాడు.

ఫోటో కోసం చేలోకి వెళ్దామన్నారు పత్రికవాళ్ళు. అక్క గట్టు దగ్గర నిలబడింది. "చేలోకి ఎవరూ దిగొద్దు. పిల్లలున్నాయి. ఆయన ఫోటో కావాలంటే కొట్లో తీసుకోండి" అంది.

కొట్లోనే తీసుకున్నారు. తోలు టోపీ పెట్టుకుని, మీసం దువ్వుకుని, పురుగుమందు డబ్బాల వరసల ముందు నిలబడి మా బావ నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో, కౌజు పిట్టల్ని బతికించిన అధ్యక్షుడు అని వేశారు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి, రైతులకి కనపడేలా గల్లాపెట్టె వెనక తగిలించుకున్నాడు.