మూడో బొమ్మ

మా బావమరిది అంత్యక్రియలను జర్మనీలో, ఎర్లాంగెన్‌లోని మా వంటింటి బల్ల మీద చూశాం, ఫోన్‌ను కందిపప్పు డబ్బాకు ఆనించి. రెండో వేవ్ ఏప్రిల్ అది. ఒక అంబులెన్స్, తెల్ల కవరు దుస్తుల్లో ఇద్దరు, పొగ. మధ్యలో సిగ్నల్ పోయి కాసేపు తెర మీద మా ముఖాలే మిగిలాయి.

మార్చిలో నా భార్య, ఇండియా వెళ్లి తమ్ముణ్ని చూసి వస్తానని టికెట్ బుక్ చేసింది. రద్దు చేయించింది నేను. "వెళ్తే టెస్టులు, వస్తే క్వారంటైన్. ఎండలు పోయాక పోదువులే, వాడెక్కడికి పోతాడు?" అన్నాను. నేను అన్న మాటల్లో బాగా గుర్తుండిపోయింది అదొక్కటే.

ఆ ఏప్రిల్ తరువాత ఆమె తమ్ముడి మాటెత్తలేదు, మార్చి మాట అసలే ఎత్తలేదు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అనేది. ఆ మార్చి మాట ఎప్పుడు అంటుందా అని నేను ఎదురుచూస్తూ ఉండేవాణ్ని. పళ్ల డాక్టరు కుర్చీలోనూ జోకులేసే మనిషిని, ఇంట్లో మాత్రం టెర్మిన్, అదే ఇక్కడి అపాయింట్‌మెంట్, లేనిదే నవ్వు దొరకదన్నట్టు మసలుకున్నాను.

అక్టోబరులో, టీకాలు వేసుకున్నవాళ్లను థాయ్‌లాండ్ రానిస్తోందంటే బయలుదేరాం. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పింది. బాల్టిక్ సముద్రం దగ్గరే ఉందని కూడా చెప్పింది గానీ, అది నేను వినలేదు.

అక్కడొక దీవిలో మమ్మల్ని తిప్పిన పడవవాడు సముద్ర సంచారుల మనిషి. వాళ్ల తాతలు పుట్టడం, చావడం పడవల్లోనే. వీళ్లు మాత్రం రేకుల ఇళ్లలో ఉంటూ మోటారు సైకిళ్లు నడుపుతున్నారు. నాకు కాస్త నిరాశ కలిగింది. మేం టికెట్టు కొన్నాం కదా అని వాళ్లు మళ్లీ సంచారం మొదలుపెడతారనుకున్నాను కాబోలు.

ఏడాదికి రెండుసార్లు వాళ్లు తేలిక కలపతో ఒక పడవ చేస్తారు. ఇంట్లో ఎందరుంటే అన్ని కొయ్యబొమ్మలు, వాటితో పాటు వాళ్ల గోళ్లు, వెంట్రుకలు అందులో వేసి సముద్రంలోకి పంపేస్తారు. ఇంటి జబ్బూ అరిష్టమూ దానితో పోతాయని నమ్మకం. పడవవాడి తల్లి బొమ్మలు చెక్కుతూ, మీరెందరని సైగ చేసింది. నేను రెండు వేళ్లు చూపించాను. నా భార్య మూడు చూపించింది.

ముసలామె మూడు బొమ్మలు చెక్కింది. నా తల వెనుక నుంచి, ఉన్నంతలో, వెంట్రుకలు కత్తిరించుకుంది. నా భార్య తన గోళ్లు ఇచ్చింది. మూడో మనిషివేవని ముసలామె చెయ్యి చాపింది.

"చెప్పు నువ్వు," అంది నా భార్య, నా వైపు చూడకుండానే.

పడవవాడికి చెప్పాను. తమ్ముడు, ఏప్రిల్‌లో పోయాడు అని. వాడు తల్లికి చెప్పాడు. ఆమె కోప్పడలేదు. పడవలో వేసిన మూడో బొమ్మను మెల్లగా తీసి నా భార్య చేతిలో పెట్టింది.

"పోయినోళ్లకు అరిష్టం ఉండదట," అన్నాడు పడవవాడు తన టూరిస్టు ఇంగ్లీషులో. "అది బతికున్నోళ్లకేనట."

తెల్లవారి పడవ వదిలే ముందు ఒక బుట్ట చేతులు మారుతూ మా దాకా వచ్చింది. అందరూ పిడికెడు తీసి పడవలో వేస్తున్నారు. నా భార్య చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"పేలాలు ఇవి," అంది. "మావోనికి పేలాలు సుత చల్లలే ఎవరూ."

మా వైపు పాడె ముందు దారి పొడుగునా పేలాలు చల్లుతారు. అంబులెన్స్ ముందు ఎవరు చల్లుతారు? ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచి, పడవ పోయిన దిక్కుగా పిడికెడు తరువాత పిడికెడు చల్లింది. వాళ్ల ఆచారం అది కాదు. అయినా ముసలామె బుట్ట తీసుకొచ్చి ఆమె పక్కనే నిలబడింది, ఖాళీ అయ్యేదాకా. నేను ఒడ్డునే ఉండిపోయాను. పిలిచి ఉంటే వెళ్లేవాణ్ని.

తిరిగొచ్చాక న్యూరెంబర్గ్ నుంచి ఇంటికి రైల్లో వస్తున్నాం. నా భార్య మాస్కు వెనుక నుంచి అంది:

"మార్చిల పోనియ్యలే నువ్వు నన్ను."

ఆరు నెలలుగా ఈ మాటకు మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను. రూల్స్, క్వారంటైన్, ఎవరనుకున్నారు. మూడూ మంచి జవాబులే.

"అవును," అన్నాను. "పోనియ్యలేదు."

"ఎప్పుడన్నా ఒప్పుకుంటవా అని చూసిన."

"నువ్వు అడగలేదు కదా."

"నేనెందుకడగాలె?"

అప్పుడు ఏడ్చింది, ఏప్రిల్ నుంచి మొదటిసారి. మాస్కు తడిసి ముక్కుకు అంటుకుపోయింది. సంచిలో మూడో బొమ్మ పక్కనున్న కొత్త మాస్కు తీసి ఇచ్చాను. కాసేపు దాన్ని అలాగే చూసి, తీసుకుంది.