మేం ఏ మంత్రి కిందికీ రాలేదు

గల్ఫ్ యుద్ధం ఆగిన రెండో నెలలో మా గదికి ఒక తెలుగు పేపరు వచ్చింది. సెలవు ముగించుకుని ఊరి నుంచి తిరిగొచ్చిన వంటాయన దాన్ని సంచి అడుగున పరిచి తెచ్చాడు. మొదటి పేజీ నిండా ఫొటోలే. గవర్నర్ ఎదుట ప్రమాణం చేసిన కొత్త మంత్రులు, ఒక్కొక్కరి పేరు కింద ఒక్కో శాఖ.

నేనప్పుడు ఖమీస్ ముషైత్‌లో కరెంటు పని చేసేవాణ్ని. పదో తరగతి పాసైనవాణ్ని కాబట్టి గదిలో పన్నెండు మందికీ ఉత్తరాలు రాసేదీ చదివేదీ నేనే. ఆ రోజు శాఖలన్నీ పైకి చదివాను. ఎక్సైజు, అడవులు, చేనేత, చిన్న నీటిపారుదల. చివరికి చక్కెరకు కూడా ఒక మంత్రి ఉన్నాడు.

“గిండ్ల మనల జూసుకునేటాయన ఎవలురా?” అని అడిగాడు మా మేస్త్రీ.

మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎవరూ లేరు.

మేస్త్రీ అలా అడగడానికి కారణం మా బావ. మా పక్క ఊరే, నాకు వరసకు బావ, ప్లాస్టరింగ్ పని. యుద్ధం రోజుల్లో ఎయిర్‌బేస్ నుంచి విమానాలు తెరిపి లేకుండా లేస్తున్నా మా చేత పని ఆపించలేదు. ఒక పొద్దున బావ మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడ్డాడు. నడుము విరిగింది, కాళ్లు చచ్చుబడ్డాయి. ఆస్పత్రివాళ్లు చేయగలిగిందంతా చేసి, ఇక ఇంటికి పంపెయ్యండి అన్నారు. పంపాలంటే దేశం విడిచే ఎగ్జిట్ కాగితం మీద కఫీల్ సంతకం కావాలి. మా యజమాని అయిన ఆ కఫీల్ యుద్ధం మొదలవగానే పెళ్లాం పిల్లలతో దేశం దాటిపోయాడు. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో, తాళంచెవి ఆయన జేబులో.

బావ వీపంతా పుండ్లు పడ్డాయి. శుక్రవారం శుక్రవారం వెళ్లి నేనే తుడిచేవాణ్ని. “బామ్మర్దీ, నన్ను గీడ సావనియ్యకురా” అనేవాడు.

అందుకే రాశాను. ముఖ్యమంత్రికి, కార్మిక మంత్రికి, హోం మంత్రికి, మా జిల్లా నుంచి మంత్రి అయినాయనకు. గవర్నర్ ముఖ్యమంత్రిని నియమిస్తాడు, ఆయన సలహా మీద మిగతా మంత్రుల్ని నియమిస్తాడు, మంత్రిమండలి అంతా కలిసి శాసనసభకు బాధ్యత వహిస్తుంది అని బడిలో సారు బెత్తం పట్టుకుని బట్టీ పట్టించాడు. అంతా కలిసి! ఆ మాట నమ్మి నాలుగు కవర్లకు స్టాంపులు అంటించాను.

రెండు నెలలకు ఒక్క జవాబు వచ్చింది. అచ్చేసిన కాగితం, ఖాళీలో బావ పేరు తప్పు. అర్జీని సంబంధిత శాఖకు పంపడమైనదట. ఏ శాఖో రాయలేదు.

ఎండాకాలంలో మా జిల్లా మంత్రే పెట్టుబడుల కోసమంటూ జిద్దాకు వచ్చాడు. అక్కడి తెలుగు ఇంజనీర్లు, డాక్టర్లు హోటల్లో సన్మానం పెట్టారు. మా పాకిస్తానీ ఫోర్‌మన్ ఆఫీసులో ఊరు దాటాలంటే కావాల్సిన ప్రయాణం కాగితానికి ముద్ర వేయించి ఇచ్చాడు. రోజంతా బస్సులో కూర్చుని వెళ్లాను.

మంత్రి శాలువా కప్పించుకుని కూర్చున్నాడు. దండం పెట్టి సంగతి చెప్పాను.

“అయ్యో, మనోళ్లే గదా” అన్నాడు. “ఏంజేస్తం తమ్మీ, గిది సెంటర్ సబ్జెక్టు. నాది పశువుల శాఖనాయె.”

“బర్రె కాలిరిగితే డాక్టర్ను తోలుతరు గద సార్. మా బావను బర్రె లెక్కనన్న రాసుకోండ్రి.”

టై కట్టుకున్న ఒకాయన నా భుజం పట్టుకుని, “ఫంక్షన్‌లో సీన్ క్రియేట్ చేయకండి, మన కమ్యూనిటీ ఇమేజ్ ఏమైపోవాలండీ?” అంటూ బయటికి నడిపించాడు. వెనక్కి తిరిగి చూస్తే మంత్రి ఫొటో కోసం నవ్వుతున్నాడు.

బావను ఇంటికి చేర్చింది ఏ మంత్రీ కాదు. కఫీల్ తమ్ముడు సైన్యంలో ఉండేవాడు, సరిహద్దు నుంచి తిరిగొచ్చాడు. ఫోర్‌మన్ బతిమాలి ఆయన్ని ఆస్పత్రికి తీసుకొచ్చాడు. దుప్పటి ఎత్తి పుండ్లు చూసి ఆయన “హరాం, హరాం” అన్నాడు, ఇది పాపమని. అన్నకు ఫోన్ చేసి తిట్టి, తన సంతకం చెల్లేలా కాగితం తెప్పించుకున్నాడు. బీరువా పగలగొట్టించాడు. నాలుగు రోజుల్లో ఎగ్జిట్ వచ్చింది. నాలుగు రోజుల పని! దాని కోసం ఒక మనిషి ఎనిమిది నెలలు మంచం మీద కుళ్లాడు.

మరుసటి ఏడు సెలవులో వాళ్లింటికి వెళ్లాను. బావ భార్య నాకు వరసకు అక్క.

“మినిస్టర్‌తోని మాట్లాడినవట గద తమ్మీ. ఏమన్నడు?” అని అడిగింది.

“మనం ఆయన శాఖ కిందికి రామన్నడక్కా.”

అక్క బావను పక్కకు తిప్పి వీపు కింద బట్ట మార్చింది.