మూడు వేళ్ళ కొసరు

మా ఆయన పోయిన మూడో నెలలో నేను కొట్లో కూర్చున్నాను. కూర్చోవాలని కాదు. కూర్చోకపోతే కొట్టు మూతపడుతుంది, అంతే. నందిగామ బజారులో చిన్న కొట్టు మాది. పప్పులు, మిరపకాయలు, చింతపండు, బెల్లం. సరుకంతా జగ్గయ్యపేట నుంచి మా బావగారు, అంటే ఆయనకి అన్నగారు, పంపేవారు. అక్కడ బావగారిది టోకు వ్యాపారం. కాటాలోకి కిలో రాళ్ళు కొత్తగా వచ్చిన రోజులవి. అయినా పప్పులు మాత్రం జనం సోలతోనే కొలిచి పొయ్యమనేవాళ్ళు.

ఆయన ఎలా పోయాడని ఇప్పటికీ అడుగుతారు. జ్వరం. మూడు రోజులు. పిలిచి పిలిచి నా గొంతు బొంగురుపోయింది, మళ్ళీ బాగుపడలేదు. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను, తరవాత చూడటం మానేశాను.

దినాలు అయ్యాక బావగారు అరుగు మీద నిలబడి, మొహం బజారు వైపు పెట్టి అడిగారు. నేను తలుపు చాటున ఉన్నాను.

"అమ్మాయ్, కొట్టు నడపగలవా? లేదంటే జగ్గయ్యపేట వచ్చి మాతోపాటే ఉండు. ముద్దకి లోటు చెయ్యను."

మాతోపాటే అంటే ఎక్కడో నాకు తెలుసు. మా తోటికోడలి వంటింట్లో, రోలు పక్కన. నాకప్పటికి ముప్పై ఏళ్ళు లేవు.

"నడుపుతానండి," అన్నాను.

"సరే. ఉగాది దాకా చూస్తా. బస్తాకి ఎన్ని సోలలు రావాలో నాకు తెలుసు. అన్నీ అమ్మినట్టు చూపించాలి. తరుగు కనపడిందా, తాళంచెవి నాకిచ్చెయ్యాలి. తరవాత ఏడుపులొద్దు."

"ఏడవనండి," అన్నాను. నిజమే చెప్పాను.

నాకు అంకెలు నోటికి వచ్చుగానీ రాయటం రాదు. అందుకని ఒక ముంత పెట్టుకున్నాను. కందిపప్పు సోల అమ్మినప్పుడల్లా ఒక చింతగింజ ముంతలో వేసేదాన్ని. బస్తా ఖాళీ అయ్యాక గింజలు లెక్కపెడితే ఎన్ని సోలలు అమ్మానో తెలుస్తుంది. మొదటి బస్తా అయిపోయింది. గింజలు నేల మీద పోసి పదేసి చొప్పున కుప్పలు పెట్టాను. ఇరవై సోలలు తక్కువ. గింజలు వెయ్యటం మరిచిపోయానేమో అనుకున్నాను. రెండో బస్తాకి వేసిన గింజ చప్పుడు విన్నాకే పప్పు పొట్లం చేతికిచ్చాను. పాతిక తక్కువ.

ఎవరో తీస్తున్నారు.

మా పుట్టిల్లు రెడ్డిగూడెం వైపు. మా నాన్న కళ్ళంలో వడ్లు రాశి పోశాక, ఎవరూ చెయ్యి పెట్టకుండా రాశి మీద బూడిద ముద్రలు వేసేవాడు. చెక్క ముద్ర బూడిదలో అద్ది, చుట్టూ వేసుకుంటూ వచ్చేవాడు. పిడికెడు గింజలు కదిలినా ముద్ర చెదిరిపోతుంది. కబురు పెట్టి ఆ చెక్క తెప్పించుకున్నాను. దీపం పెట్టే వేళకి కొట్టు కట్టేస్తూ, ప్రతి బస్తాలో సరుకు చదును చేసి ముద్ర వేసేదాన్ని. బజారులో నవ్వుకున్నారు. "కొట్టుని కళ్ళం చేసిందిరా," అన్నారు. అననీ.

పొద్దున తలుపు తీసి ముందు ముద్రలు చూసేదాన్ని. ఏ రోజూ ఒక్కటీ చెదరలేదు. ఎలుక కాదు, కన్నం వేసేవాడూ కాదు. అంటే పగలు పోతోంది. పగలు కొట్లో ఉండేది ఇద్దరం. నేనూ, చెరిగే ఆవిడా.

చెరిగే ఆవిడది చందర్లపాడు రోడ్డులో పల్లె. మా ఆయన ఉన్నప్పటి నుంచీ వెనక వసారాలో కూర్చుని పప్పు చెరిగేది, మిరపకాయలకి తొడిమలు తీసేది. ఆదివారం ప్రార్థనకి పోయేది, మిగతా ఆరు రోజులూ మా దగ్గరే. చెరగ్గా వచ్చిన నూకలూ పరకలూ ఆవిడవే, అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. సాయంత్రం ఒడి కట్టుకుని పోయేది. ఆ ఒడిలో నూకలే ఉన్నాయని ఎవరు చూశారు?

ఒకరోజు వెళ్ళబోతుంటే ఆపాను.

"ఒడి విప్పి దులుపు."

ఆవిడ నా మొహం చూసింది. "ఎవరికమ్మా చెప్పేది, నాకేనా?"

"నీకే."

"ఇక్కడా?"

"అక్కడే, మెట్ల మీద. వెలుతురుంది."

ఒడి విప్పింది. నూకలు చేటలో పోసింది. కొంగు రెండు చేతులా పట్టుకుని గట్టిగా దులిపింది. పొట్టు లేచింది. ఎదురు కొట్టువాళ్ళు చూశారు.

"ఇంకా ఏవన్నా దులపమంటావా?" అంది. "నోట్లో పళ్ళు నాలుగే ఉన్నాయి. అవీ చూస్తావా?"

"రేపు కూడా దులపాలి," అన్నాను.

రోజూ దులిపింది. రోజూ నూకలే. అయినా మూడో బస్తా కూడా తక్కువే వచ్చింది. బావగారు జగ్గయ్యపేట బస్సు దిగి వచ్చినప్పుడు, దాచకుండా గింజల కుప్పలు చూపించాను.

"ఒళ్ళో కాకపోతే కొప్పులో పెట్టుకుపోతుంది," అన్నారాయన. "ఇంకో మనిషి ఎవరున్నారు ఇక్కడ? పంపించెయ్."

మర్నాడు పనికి వచ్చిన చెరిగే ఆవిడని మెట్ల దగ్గరే ఆపి రావద్దని చెప్పాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఆ ముద్ర చెక్క ఉందిగా, నా వీపు మీద కూడా ఒకటి వెయ్యి. ఎక్కడికి పోయినా తెలుస్తుంది, దొంగనని," అని వెళ్ళిపోయింది. నాకు ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ అనిపించేది కాదు, నీళ్ళలో ఎక్కువసేపు నానిన వేళ్ళకి స్పర్శ తెలియనట్టు. లోపలికి వెళ్ళి, ఆవిడ వదిలేసిన చేట తీసుకుని నేనే చెరుక్కున్నాను.

నాలుగో బస్తా వచ్చింది. ఇప్పుడు నేనొక్కదాన్నే. గింజలు పోసి లెక్కపెట్టాను. ముప్పై తక్కువ.

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై.

ఉగాదికి పది రోజులుందనగా బావగారు వచ్చి, పొద్దున్నే పీట వేసుకుని కొట్లో ఓ పక్కగా కూర్చున్నారు. "ఇవాళంతా ఇక్కడే ఉంటా. నీ పని నువ్వు చేసుకో," అన్నారు. తాళంచెవి నా బొడ్లో ఉంది. అది కాస్త తడిమి చూసుకున్నాను.

మొదటి బేరానికి వెనక వీధి ఆవిడ వచ్చింది. మెట్టు కింద ఆగి ఇటూ అటూ చూసింది. "ఇంకా ఎవరూ రాలేదా? పోనీ కాసేపాగి వస్తాలే," అంది. బొట్టులేనిదాని చేతి మీద బోణీ ఎవరికిష్టం? నేను సోల నింపాను, పొట్లంలో పోశాను, పైన గుప్పెడు వేశాను. ఆవిడ ఆ గుప్పెడు చూసి మెట్టెక్కింది. తరవాత వచ్చినామెకీ సోల, గుప్పెడు. ఆ తరవాత ముసలాయనకీ సోల, గుప్పెడు.

"ఆగమ్మాయ్," అన్నారు బావగారు.

గుప్పిట మూసిన చెయ్యి గాల్లో ఆగింది.

"అది పొట్లంలో వెయ్యకు. ఖాళీ సోలలో పొయ్యి." పోశాను. "ఇంకోటి. ఇంకోటి."

తొమ్మిది గుప్పిళ్ళకి సోల నిండింది. పదోది పొర్లింది.

బావగారు ఆ సోల వైపు చూశారు. ముసలాయన తన పొట్లం పట్టుకుని నిలబడే ఉన్నాడు. "మా తమ్ముడు కొసరు ఎలా వేసేవాడు?" అని అడిగారు బావగారు.

నేను మూడు వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించాను. మా ఆయన ఆ మూడు వేళ్ళతో చిటికెడు తీసి, పొట్లం పైన చల్లినట్టు వేసేవాడు. జనం దానికే సంతోషపడేవాళ్ళు. ఆయన చెయ్యి మంచిది.

"మరి నువ్వు?"

నా గుప్పిట చూసుకున్నాను. మొదటి వారంలో బేరాలు మెట్ల దగ్గర ఆగి తిరిగిపోతుంటే, ఒకామెకి గుప్పెడు వేశాను. ఆవిడ మర్నాడు వచ్చింది. ఆ తరవాత చెయ్యి తనంతట తనే పోతోంది బస్తాలోకి. గింజ వెయ్యటం గుర్తుపెట్టుకున్నాను, ముద్ర వెయ్యటం గుర్తుపెట్టుకున్నాను, చేతిని ఎప్పుడూ చూసుకోలేదు. కొసరు లెక్కలోకి వచ్చే సరుకా, కొసరు కొసరే కదా అనుకున్నాను, నిజానికి అనుకోవటం కూడా లేదు.

ముసలాయన అన్నాడు, "దొంగ దొరికినట్టేనా బాబూ? నా కొసరు సంగతేంటి మరి?"

బావగారికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి గల్లాపెట్టె మీద పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "నువ్వు తిన్నది కాదు, అమ్ముకున్నది కాదు," అన్నారు బజారు వైపు చూస్తూ. "ఇంకో బస్తా పంపిస్తా. మూడు వేళ్ళు. బేరం పోతే పోనీ." అని బస్సుకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కొట్టు పెందలాడే కట్టేసి చందర్లపాడు రోడ్డు పట్టుకున్నాను. చెరిగే ఆవిడ ఇంటి ముందు పొయ్యి రాజేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"దొంగ దొరికాడా?" అంది.

"దొరికింది."

"ఎవరు?"

చెయ్యి చాపి, గుప్పిట మూసి చూపించాను. కొసరు సంగతి చెప్పాను. ఆవిడ పొయ్యిలో పుల్ల సర్దింది.

"మరి నీ ఒడి ఎవరు దులిపించారమ్మా? మెట్ల మీద?"

ఆ పొయ్యి ముందే నిలబడ్డాను. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. "రేపు వస్తావా?" అని అడిగాను. "చూద్దాం," అంది.

వచ్చింది. రాక ఏం చేస్తుంది, నూకలకి ఇంకో కొట్టు లేదు. వసారాలో చేట తీసుకుని కూర్చుంది. నేను మూడు వేళ్ళతో కొసరు వేశాను. "మొగుడు పోయాక చెయ్యి కూడా ఎండిపోయింది," అని వెనక వీధి ఆవిడ వినపడేట్టే అంది. నాలుగిళ్ళవాళ్ళు వేరే కొట్టుకి మారారు. రెండిళ్ళవాళ్ళు తిరిగొచ్చారు. ఉగాది దాటాక, కొత్త బస్తా అయిపోయిన రోజున గింజలు కుప్పలు పెడితే సరిపోయాయి. రెండు ఎక్కువ కూడా వచ్చాయి. బావగారికి కబురు పంపాను. తాళంచెవి గురించి ఆయన మళ్ళీ అడగలేదు.

చెరిగే ఆవిడ తిరిగొచ్చిన మొదటి సాయంత్రం, ఒడి కట్టుకుని మెట్ల దగ్గరికి పోయి ఆగింది. ఒడి విప్పి, నూకలు చేటలో పోసి, కొంగు రెండు చేతులా పట్టుకుని దులిపింది.

"వద్దు. నేను అడగలేదుగా," అన్నాను.

"నువ్వడగలేదులే. బజారు అడుగుతోంది," అంది.

చేతనైనన్నాళ్ళు పనికి వచ్చింది, వచ్చిన ప్రతి రోజూ అదే మెట్టు మీద దులిపే పోయింది. వద్దని మళ్ళీ చెప్పలేదు నేను. ఆవిడ దులుపుతుంటే అటు చూడకుండా లోపల బస్తాలు చదును చేసుకుని ముద్రలు వేసుకునేదాన్ని. ఆ ముద్రల అవసరం కూడా అప్పటికి లేదు.